స్టార్ వార్స్ పూర్వకథలు: వస్తువూ, శిల్పమూ

స్టార్ వార్స్ చిత్రాలకు 1999 నుంచి 2005 వరకు వచ్చిన పూర్వకథలు మంచివా చెడ్డవా అన్న తగవు పాతికేళ్ళ పైచిలుకుగా సాగుతూ ఉంది. తర్వాత ఆ చిత్రాలకు ఉపకథలు పుట్టాయి. ఉపకథల మీద తగవులూ పుట్టాయి. అమెరికాలో మొదలయిన ఈ పేచీ ఇవాళ మన కళాశాలల హాస్టళ్ళలో కూడా వినపడుతోంది. అభిమానుల కొట్లాటలో అభ్యుదయ విమర్శకుడికి పనేమిటని మిత్రులు కొందరు నన్ను మందలించారు. రోదసిలో కత్తియుద్ధాలు చేసే సన్యాసుల కథకు మన పత్రికలో ఇన్ని పేజీలు దండగ అన్నారు. వారి మాటను నేను తేలిగ్గా తోసిపుచ్చను. కాని ఒక ప్రజాతంత్ర రాజ్యం నియంతృత్వంగా ఎలా మారుతుందో నా దగ్గర చదువుకున్న పిల్లల్లో చాలామంది మొదట తెలుసుకున్నది ఏ చరిత్ర గ్రంథంలోనో కాదు, ఈ చిత్రాల్లోనే. వాళ్ళకు తెలిసింది సరిగా తెలిసిందా లేదా అని చూడటం మన పనే. పైగా ఈ విషయంలో నేను ఒప్పుకోవలసిన పొరపాటు ఒకటి ఉంది.

చూడని పాఠకుల కోసం నాలుగు మాటలు. జార్జ్ లూకాస్ తీసిన మొదటి చిత్రం 1977 మే నెలలో విడుదలయింది. 1980లో రెండవది, 1983లో మూడవది వచ్చాయి. నక్షత్ర మండలాన్నంతా ఏలే ఒక సామ్రాజ్యం. దాని మీద తిరగబడ్డ కొద్దిమంది. సామ్రాజ్యం తరపున నల్లని కవచం తొడిగిన డార్త్ వేడర్. తిరుగుబాటుదార్ల తరపున లూక్ అనే పల్లెటూరి కుర్రవాడు. ఆ వేడరే లూక్ తండ్రి అని రెండవ చిత్రంలో తెలుస్తుంది. పదహారేళ్ళ విరామం తర్వాత లూకాస్ వెనక్కు వెళ్ళి, వేడర్ బాల్యం నుంచి అతని పతనం దాకా 1999, 2002, 2005లలో మూడు చిత్రాలు తీశాడు. 2012లో తన సంస్థను డిస్నీ కంపెనీకి 400 కోట్ల డాలర్ల పైచిలుకుకు అమ్మేశాడు. అక్కడి నుంచి ఉత్తరకథలు, ఉపకథలు, టెలివిజన్ ధారావాహికలు వరసగా వచ్చిపడ్డాయి. వాటిలో 2016 నాటి ‘రోగ్ వన్’, 2018 నాటి ‘సోలో’, 2022లోనూ 2025లోనూ రెండు భాగాలుగా వచ్చిన ‘ఆండోర్’ మన చర్చకు అవసరం. తక్కినవాటిని చాలావరకు వదిలేస్తున్నాను. వదలదగ్గవే ఎక్కువ.

ఇక అభిమానుల వాదాలు. పూర్వకథలను తెగడేవారు చెప్పేదేమిటి? సంభాషణలు కొయ్యముక్కల్లా ఉన్నాయి, ప్రేమ సన్నివేశాలు నవ్వు పుట్టిస్తాయి, నటులు లేని వస్తువులను ఉన్నట్టు ఊహించుకుని నటించారు, జార్ జార్ బింక్స్ అనే విదూషక పాత్ర చీదర కలిగిస్తుంది. ఈ ఆక్షేపణలు చాలావరకు నిజం. జార్ జార్ మాటతీరులో కరీబియన్ నల్లవారి యాసనూ, వర్తక సంఘం ప్రతినిధుల మాటల్లో తూర్పు ఆసియావారి యాసనూ వెక్కిరించారన్న విమర్శ 1999లోనే వచ్చింది. లూకాస్ పక్షం కాదన్నది గాని ఆ సమాధానం నాకు తృప్తినివ్వలేదు. అయితే ప్రేక్షకుల కోపం దర్శకుణ్ణి వదిలి నటుడి మీద పడింది. ఆ పాత్ర వేసిన నల్లజాతి నటుడు అహ్మద్ బెస్ట్, ఆ దూషణలు భరించలేక ప్రాణం తీసుకుందామనుకున్నానని దాదాపు ఇరవై ఏళ్ళ తర్వాత, 2018లో, బయటపెట్టాడు. ఆ మాట విన్న తర్వాత అభిమానం అనే పదాన్ని నేను కాస్త జాగ్రత్తగా వాడుతున్నాను.

పూర్వకథలను మెచ్చేవారు ఎక్కువమంది వాటిని చిన్నతనంలో చూసినవారు. 2005 నాటి చిత్రాన్ని ఇరవై ఏళ్ళ సందర్భంగా 2025లో మళ్ళీ విడుదల చేస్తే వాళ్ళే హాళ్ళు నింపారు. జాన్ విలియమ్స్ సంగీతం, కత్తియుద్ధాల జోరు, కొత్త కొత్త గ్రహాల అందం వాళ్ళ వాదనకు బలాలు. ఇవిగాక ఏ వరసలో చూడాలన్న తగాదా ఒకటి ఉంది. 1999 చిత్రాన్ని పూర్తిగా తీసిపారేసి ఒక అభిమాని 2011లో కొత్త వరస ప్రతిపాదిస్తే, దానికీ ఒక సంప్రదాయం ఏర్పడింది. ఏది ప్రామాణికం, ఏది కాదు అన్న తగాదా మరొకటి. ఉత్తరకాండ వాల్మీకిదా, ప్రక్షిప్తమా అని మన పండితులు తరతరాలుగా వాదించుకున్నారు. అక్కడ అంత శ్రమ లేదు. అంతకు ముందు అచ్చయిన నవలలనూ బొమ్మల కథలనూ ‘లెజెండ్స్’ అనే గంపలో వేసి పక్కన పెడుతున్నామని 2014 ఏప్రిల్‌లో కంపెనీ ఒక ప్రకటన చేసింది. ప్రక్షిప్త నిర్ణయం ఒక్క పూటలో అయిపోయింది. కథ ప్రజలదా, హక్కుదారుదా అన్న ప్రశ్నకు గుత్త పెట్టుబడి ఇంత సూటిగా జవాబు చెప్పిన సందర్భం నాకు మరొకటి తోచదు.

ఈ వాదాలన్నిటిలో నాకు కనిపించే లోటు ఒకటే. పూర్వకథ అనే ప్రక్రియ ఏం చేయాలి అని ఎక్కువమంది అడగరు. అది ముగింపు ముందే తెలిసిన కథ. కుర్రవాడు వేడర్ అవుతాడు, ప్రజాతంత్రం సామ్రాజ్యం అవుతుంది. టిక్కెట్టు కొనేనాటికే ఆ సంగతి ప్రేక్షకుడికి తెలుసు. ఏం జరుగుతుందన్న ఉత్కంఠ లేనప్పుడు మిగిలేది ఎందుకు జరిగింది, ఎవరు జరగనిచ్చారు అన్న జిజ్ఞాస ఒక్కటే. మన ‘బాహుబలి’ని 2015 నుంచి 2017 దాకా రెండేళ్ళపాటు జనం నోట నిలబెట్టింది కూడా ‘ఎందుకు’ అన్న ప్రశ్నే కదా. కనక పూర్వకథ, రచయితకు ఇష్టమున్నా లేకపోయినా, చారిత్రక రచన అయి తీరుతుంది. చారిత్రక రచనకు వేసే కొలతలే దానికీ వేయాలి.

ఇప్పుడు నా పొరపాటు సంగతి. మొదటి నుంచీ నేను పూర్వకథల పక్షం. కారణం వాటి వస్తువు. 1999 చిత్రం ఎలా మొదలవుతుందో చూడండి: వర్తక మార్గాల మీద వేసిన పన్ను గురించిన తగాదాతో! ఈ మాట చెప్పి నవ్వని అభిమాని లేడు. నాకు మాత్రం సంతోషం వేసింది. సొంత సైన్యం ఉన్న వర్తక సంఘం ఒకటి పన్ను ఇష్టం లేక ఒక గ్రహాన్ని దిగ్బంధిస్తుంది. ఆ సంఘానికి సెనేట్లో ఆసనం కూడా ఉంది. ఈస్టిండియా కంపెనీ పాలన చవిచూసిన దేశపు ప్రేక్షకుడికి ఇందులో నవ్వవలసిందేముంది? అక్కడి నుంచి పాల్పటీన్ అనే రాజకీయవేత్త ఆ అలజడిని మెట్టుగా చేసుకుని ప్రధాని అవుతాడు. యుద్ధంలో రెండు పక్షాలనూ తానే నడుపుతాడు. అత్యవసర అధికారాలు సంపాదిస్తాడు. ఆ అధికారాలు ఇమ్మని సభలో ప్రతిపాదించేది మరెవరో కాదు, అందరూ అసహ్యించుకునే జార్ జార్. మంచివాడు, అమాయకుడు, ఓటు హక్కున్నవాడు. ఎవరు పురమాయించారో, ఎవరు డబ్బు కట్టారో తెలియని సైన్యం ఒకటి సిద్ధంగా దొరుకుతుంది: 2 లక్షల దళాలు తయారు, మరో 10 లక్షలు తయారవుతున్నాయి. దాన్ని తీసుకోవచ్చునా అని అడిగేవాడు లేడు. చివరకు 2005 చిత్రంలో సామ్రాజ్య స్థాపన ప్రకటన వినపడినప్పుడు సెనేట్ లేచి చప్పట్లు కొడుతుంది.

లూకాస్ ఇదంతా గాలిలోంచి పట్టుకొచ్చింది కాదు. వియత్నాం యుద్ధం మీది ‘అపోకలిప్స్ నౌ’ చిత్రానికి మొదట దర్శకుడు కావలసినవాడు అతనే. తన తిరుగుబాటుదార్లకు వియత్నాం గెరిల్లాలు ఒరవడి అనీ, సామ్రాజ్యం అంటే తన దేశమేననీ తర్వాత కాలంలో దాచకుండా చెప్పాడు. 2005లో కాన్స్ ఉత్సవంలో ఇరాక్ యుద్ధం ప్రస్తావన వస్తే, వియత్నాం నాటి తన ఆలోచనకూ ఇరాక్‌కూ ఉన్న పోలిక తనకే ఆశ్చర్యంగా ఉందన్నాడు. ఇంతటి వస్తువును అంతమంది ప్రేక్షకుల ముందు పెట్టిన హాలీవుడ్ చిత్రం ఇంకేది? సంభాషణలు పేలవంగా ఉంటేనేం? ఇదీ నా వాదం. వస్తువు సరిగా ఉంటే శిల్పం చిన్న లోటని ఒక విద్యార్థుల పఠన శిబిరంలో గంటసేపు ఉపన్యసించాను కూడా.

ఉపన్యాసం ముగిశాక బి.ఎస్సి. చదివే కుర్రవాడు ఒకడు లేచాడు. “మాస్టారూ, ప్రజాతంత్రం పోయిందన్నారు బాగానే ఉంది. ఆ రాజ్యంలో బతికే మామూలు మనిషి పేరు ఒక్కటి చెప్పండి. పోయిందని ఏడ్చినవాడైనా సరే, పోతే పోయిందిలే అనుకున్నవాడైనా సరే” అన్నాడు. నేను తడుముకున్నాను. చివరకు 2002 చిత్రంలో పూటకూళ్ళ హోటలు నడిపే డెక్స్ గుర్తొచ్చాడు. “అతను చెప్పేది విషపు ముల్లు ఎక్కడ తయారయిందన్న కబురు కదండీ” అన్నాడు కుర్రవాడు. సభ నవ్వింది. నేనూ నవ్వాను గాని లోపల ఎక్కడో గుచ్చుకుంది.

ఇంటికి వెళ్ళి మూడు చిత్రాలూ మళ్ళీ చూశాను. కుర్రవాడి మాట నిజం. నక్షత్ర మండలమంత రాజ్యం కూలిపోతుంటే కనిపించేవారు రాణులు, సెనేటర్లు, జెడై గురువులు, సేనాపతులు. వీధి కనిపిస్తుంది గాని వీధిలోవాడు కనిపించడు. కనిపించిన ఒక్క చోటా ఏమయిందో గమనించండి. వేడర్ కాబోయే ఆనకిన్ తొమ్మిదేళ్ళ బానిస. అతని తల్లి ష్మీ కూడా బానిసే. రాజ్యంలో బానిసత్వం నిషిద్ధం గాని ఆ నిషేధం ఆ గ్రహం దాకా రాదు. జెడై గురువు పందెం గెలిచి కొడుకును విడిపించి తీసుకుపోతాడు. తల్లి అక్కడే ఉండిపోతుంది. తర్వాత పదేళ్ళలో అంత శక్తిమంతులయిన జెడైలలో ఒక్కరూ ఆమె కోసం తిరిగి రారు. ఈ ఒక్క విషయం చాలు, ఆ ప్రజాతంత్రం ఎందుకు కూలిపోతుందో చెప్పటానికి! బానిసలను చూసి కూడా పన్నుల తగాదా తీర్చటానికి వెళ్ళిపోయిన ధర్మ రక్షకులను జనం ఎందుకు కాపాడాలి? కాని చిత్రం ఈ ప్రశ్న వేయదు. తల్లి చావు కొడుకు కోపానికి సాకుగా మిగిలిపోతుంది. బానిసత్వం ఒక వ్యవస్థగా కాక, ఒక నాయకుడి బాల్యంలోని గాయంగా మాత్రమే పనికివచ్చింది.

పైగా ఆ కుర్రవాడు గొప్పవాడని గురువు ఎలా తేలుస్తాడు? రక్తం పరీక్ష చేసి! మిడిక్లోరియన్లు అనే సూక్ష్మజీవులు 20 వేలకు మించి ఉన్నాయట, యోడాకు కూడా అన్ని లేవట. 1977 చిత్రంలో పల్లెటూరి కుర్రవాడెవడయినా సాధనతో అందుకోగల శక్తిలా ఉన్నది 1999కి రక్తంలో లెక్కపెట్టే సొత్తు అయింది. మార్మికత పోయిందని అభిమానులు గోల చేశారు. నా బాధ వేరు. పుట్టుకను బట్టి యోగ్యత అనే సిద్ధాంతానికి రోదసిలో కూడా చోటు దొరికిందే అని. 2017 నాటి ఉత్తరకథలో నాయిక అనామకుల బిడ్డ అని చెప్పే ధైర్యం ఒకసారి చేశారు. 2019 చిత్రంలో ఆమెను చక్రవర్తి మనమరాలిగా మార్చి ఆ ధైర్యాన్ని వెనక్కు తీసుకున్నారు.

చారిత్రక నవల మీద 1930లలో జార్జ్ లూకాచ్ రాసిన గ్రంథం మన పాఠకుల్లో చాలామందికి తెలుసు. (పేరులో చుట్టరికం తప్ప లూకాస్‌కూ ఆయనకూ వేరే సంబంధం లేదు.) వాల్టర్ స్కాట్ నవలల్లో రాజులూ నాయకులూ పక్కపాత్రలనీ, నడిమితరగతి మామూలు మనిషిని కథానాయకుణ్ణి చేసి, ఇరుపక్షాల మధ్య అతన్ని తిప్పి, కాలం మారుతున్న తీరు చూపటమే స్కాట్ గొప్పదనమనీ ఆయన వాదం. పూర్వకథల్లో ఇది తలకిందులయింది. నియంతనూ, నియంతకు కుడిభుజం కాబోయేవాణ్ణీ నట్టనడుమ కూర్చోబెట్టారు. దాంతో ఒక రాజ్యం పతనానికి కారణం ఒక యువకుడి పీడకలగా, భార్య చచ్చిపోతుందేమోనన్న భయంగా కుదించుకుపోయింది. సంభాషణలు కొయ్యగా ఉండటానికి కారణం లూకాస్‌కు మాటలు రాయటం రాకపోవటం ఒక్కటే కాదు. ఆ మాటలు చెప్పుకునేవారికి కింద నేల లేదు. చరిత్రను మోసేవాడు లేనప్పుడు పాత్రలు చరిత్రను ఉపన్యాసంగా చెప్పవలసి వస్తుంది. అంటే శిల్పంలోని లోటు వస్తువు పక్కన విడిగా కూర్చున్న లోటు కాదు, వస్తువు లోపలిదే. శిబిరంలో నేను చెప్పిన గంట ఉపన్యాసం ఇక్కడ తప్పింది.

దీనికి సాక్ష్యం చిత్రంలో లేదు, చిత్రం నుంచి కోసివేసిన భాగంలో ఉంది. 2005 చిత్రానికి కొన్ని సన్నివేశాలు తీశారు. సెనేటర్లు కొందరు రహస్యంగా కలుసుకుని పాల్పటీన్‌ను ఎలా ఎదుర్కోవాలో మాట్లాడుకుంటారు. తర్వాతి తిరుగుబాటుకు బీజం అక్కడే. వారిలో మాన్ మాత్మా పాత్రను జెనివీవ్ ఓరైలీ అనే నటి వేసింది. ఆనకిన్ కథ నడక మందగిస్తుందని కాబోలు, అవన్నీ కోతకు పోయాయి. నియంత పుట్టుక ఉంచి, ప్రతిఘటన పుట్టుక తీసేశారు. ఎంచటానికి ఇంతకంటే ఏం కావాలి?

కోసివేసిన ఆ కథే పదకొండేళ్ళ తర్వాత ఉపకథల్లో తిరిగి మొలిచింది. 1977 చిత్రం మొదట తెర మీద పాకే అక్షరాల్లో, తిరుగుబాటు గూఢచారులు సామ్రాజ్యపు మహాయుధం నమూనాలు దొంగిలించారని ఒక వాక్యం ఉంది. ‘రోగ్ వన్’ ఆ ఒక్క వాక్యానికి వ్యాఖ్యానం. ఎవరా గూఢచారులు, ఏమయ్యారు అని అడుగుతుంది. అందరూ చచ్చిపోయారు అని చెబుతుంది. ఒక గ్రహాన్ని బద్దలుకొట్టే ఆ యుద్ధనౌక చిన్న రంధ్రంలోంచి కూలిపోవటమేమిటని అభిమానులు నలభై ఏళ్ళు ఎగతాళి చేశారు. ‘రోగ్ వన్’లో ఆ రంధ్రం లోపం కాదు. గేలన్ ఎర్సో అనే శాస్త్రజ్ఞుణ్ణి బలవంతంగా పట్టుకొచ్చి పనిచేయిస్తే, అతను తెలిసి తెలిసి లోపల పెట్టిన బలహీనత అది. నాకు ఇది చాలా నచ్చింది. యంత్రం కట్టేవాడి చేతిలో ఎప్పుడూ ఒక రహస్యాధికారం ఉంటుందని ఏ మిల్లు కార్మికుణ్ణి అడిగినా చెబుతాడు.

ఆ యుద్ధనౌకను కట్టిందెవరు? దేశచరిత్రల గురించి శ్రీశ్రీ వేసిన ప్రశ్న మనకు కంఠస్థం. అభిమానులూ ఈ ప్రశ్నను హాస్యంగా ఎత్తుకున్నారు. 1994లో వచ్చిన ‘క్లర్క్స్’ చిత్రంలో ఇద్దరు దుకాణం గుమాస్తాలు, 1983 చిత్రంలో పేలిపోయిన రెండవ యుద్ధనౌక మీద కాంట్రాక్టు పనికి వచ్చినవాళ్ళు కూడా చచ్చి ఉంటారే, వాళ్ళ పాపమేమిటి అని వాదించుకుంటారు. ‘ఆండోర్’ ఆ హాస్యానికి సూటిగా జవాబు చెప్పింది. కాసియన్ ఆండోర్ అనే యువకుడు సముద్రతీరంలో దారినపోతూ పట్టుబడి ఆరేళ్ళ శిక్షతో నార్కినా అనే చోట జైలుకు పోతాడు. జైలు అంటే ఫాక్టరీ. ఒక బల్లకు ఏడుగురు, గదికి ఏడు బల్లలు, అంతస్తుకు ఏడు గదులు. కాళ్ళకు చెప్పులు లేవు. నేలకు విద్యుత్తు ఉంది. అందరికంటే ఎక్కువ పని చేసిన బల్లకు తిండిలో రుచి తగులుతుంది. అందరికంటే వెనకబడ్డ బల్లకు షాకు తగులుతుంది. కాపలావాళ్ళు కొద్దిమందే, ఖైదీల మధ్య పోటీయే అసలు కాపలా. పీస్ రేటు పద్ధతి గురించి నేను తరగతిలో ఎన్నోసార్లు బోర్డు మీద లెక్కలు వేసి చెప్పాను. ఈ మూడు భాగాలు చూపితే ఆ పాఠం అవసరం ఉండదేమో అనిపించింది.

ఆ గదికి పెత్తనదారు కీనో లోయ్ కూడా ఖైదీయే. తన శిక్ష రోజులు లెక్కపెట్టుకుంటూ, విడుదల తప్పదని నమ్ముతూ, తోటివాళ్ళను అదిలిస్తూ ఉంటాడు. విడుదల అయిందనుకున్న ఖైదీని మరో అంతస్తులో మళ్ళీ పనికి పెట్టారనీ, సంగతి పొక్కిందని ఆ అంతస్తులో వందమందిని చంపేశారనీ ఒకరోజు తెలుస్తుంది. అంతే, అతనిలో మేస్త్రీ చచ్చి మనిషి లేస్తాడు. ఇలాంటి మార్పు కోసం పూర్వకథల్లో మూడు చిత్రాలు పట్టింది, అయినా నమ్మకం కుదరలేదు. ఇక్కడ నమ్మకం ఎందుకు కుదిరింది? అతని పని చూశాం, అతని లెక్క చూశాం, అతని భయానికి ఆధారం చూశాం కనక. అయిదువేల మందిని బయటకు నడిపించి, నీటి అంచున నిలబడి తనకు ఈత రాదంటాడు కీనో. ఆ తర్వాత అతని సంగతి మనకు చెప్పరు. వాళ్ళు అన్నాళ్ళు బిగించిన భాగాలు ఎందుకు పనికివచ్చాయో మొదటి సంపుటం చిట్టచివర చూపుతారు: మహాయుధానికే.

ఫెరిక్స్ అనే ఊరి గురించి కూడా చెప్పాలి. పాత ఓడలు విప్పి తుక్కు అమ్ముకునే కార్మికుల ఊరు. ఎవరి చేతితొడుగులు వాళ్ళు గోడకు తగిలించి పోతారు, ఎవరూ ముట్టుకోరు. ఊరివాళ్ళు చచ్చిపోతే ఆ బూడిదతో ఇటుక చేసి గోడలో పెడతారు. ఒక చావు ఊరేగింపు తిరుగుబాటుగా మారటం అక్కడ చూస్తాం. ఆ ఇటుక కూడా ఆయుధమవుతుంది.

పుస్తకాల సంగతి కూడా తెలిసిన రచయిత ఇది రాశాడు. 1907లో టిఫ్లిస్ నగరంలో బోల్షెవిక్కులు ఖజానా బండిని కొల్లగొట్టిన ఘటన, స్టాలిన్ యౌవనం మీద చదివినవి తన మనసులో ఉన్నాయని ‘ఆండోర్’ సృష్టికర్త టోనీ గిల్రాయ్ స్వయంగా చెప్పాడు. సా గెరెరా అనే అతివాద నాయకుడు తన గుహలో కూర్చుని, తక్కిన తిరుగుబాటు వర్గాలన్నిటి పేర్లు వరసగా చదివి, అందరూ దారి తప్పినవాళ్ళేనని తేల్చే సన్నివేశం ఒకటి ఉంది. మా శిబిరంలో ఆ చోట లేచిన నవ్వు ఎవరిమీదిదో నేను విడమరచి చెప్పనక్కరలేదు.

అయితే ‘ఆండోర్’ను నెత్తిన పెట్టుకోవటానికి కూడా నేను సిద్ధంగా లేను. 24 భాగాలకు 65 కోట్ల డాలర్లు ఖర్చయిందని గిల్రాయే 2025లో చెప్పాడు. ఏ కంపెనీ ఆ సొమ్ము పెట్టిందో, ప్రక్షిప్త నిర్ణయం చేసిన కంపెనీ అదే. తిరుగుబాటు కథను నెలనెలా చందా కట్టించుకుని అమ్ముతున్నది గుత్త పెట్టుబడే. దీనివల్ల కథ అబద్ధమయిపోదు. బాల్జాక్‌ను అచ్చు వేసినవాడు కూడా వ్యాపారే. కాని ఇది ఒక మినహాయింపే గాని పద్ధతి కాదని మరచిపోకూడదు. అదే కంపెనీ 2018లో తీసిన ‘సోలో’ చూడండి. యంత్రమనుషులకు స్వేచ్ఛ కావాలని నినదించే ఎల్3 అనే యంత్రస్త్రీని అందులో ఆద్యంతం నవ్వులపాలు చేస్తారు. గనిలో ఆమె నిజంగానే తిరుగుబాటు లేవదీస్తే కాల్చి చంపి, ఆమె మెదడును నాయకుడి ఓడలో బిగిస్తారు. స్వేచ్ఛ అడిగినది ఓడలో భాగమయిపోయిందని ఎవరికీ ఖేదం లేదు. 1977 చిత్రంలోనే సారా దుకాణందారు యంత్రమనుషులను లోపలికి రానివ్వడు. అది అప్పుడూ హాస్యమే. ఈ విషయంలో పాతదీ కొత్తదీ ఒకటే. ‘ఆండోర్’ రెండవ సంపుటంలో ఒక సోదె చెప్పే స్త్రీ కాసియన్‌కు విధి నిర్ణయించిన పని ఉందన్నట్టు మాట్లాడుతుంది. అన్ని భాగాల్లో నాకు నచ్చని సన్నివేశం అదొక్కటే. మనిషి తన ఎంపికతో చేసిన పనిని మళ్ళీ విధి ఖాతాలో ఎందుకు రాయాలి?

నాకూ ఆ బి.ఎస్సి. విద్యార్థికీ ఇంకా తెగని వాదం ఒకటి ఉంది. 2008లో మొదలయి 2020 దాకా సాగిన ‘క్లోన్ వార్స్’ బొమ్మల ధారావాహిక పూర్వకథల లోటు తీర్చిందంటాడు అతను. చిత్రాల్లో ఒకే ముఖంతో, పేరు లేకుండా చచ్చిపోయే సైనికులకు అందులో పేర్లు, స్వభావాలు, సందేహాలు వచ్చాయి. నిజమే. తమను చావుకు తోలుతున్న సేనాపతి మీద సైనికులు ఎదురు తిరిగే ఉంబరా యుద్ధ భాగాలు నాకూ నచ్చాయి. కాని 2005 చిత్రంలో ఒక్క ఉత్తరువుతో ఆ సైనికులు తమ జెడై నాయకులను కాల్చి చంపటానికి ఆ ధారావాహిక చెప్పే కారణమేమిటంటే, వాళ్ళ తలల్లో పుట్టకముందే పెట్టిన ఒక బిళ్ళ! విధేయత నూరిపోసి పెంచిన సైనికుడు ఉత్తరువు వినగానే తుపాకి ఎత్తటంలో ఎంత భయంకరమయిన సత్యం ఉంది! అది పోయి, పాపం సైనికుడికి తెలియదు అన్న ఓదార్పు వచ్చింది. కట్టప్ప కత్తి దూసింది సింహాసనానికి తరతరాల బానిస కావటం వల్ల. ఆ బానిసత్వాన్ని ఆ చిత్రం మెచ్చుకున్నందుకు నాకు కోపమే గాని, కారణం మనిషిలోనే ఉంచింది. “తలలో బిళ్ళ లేకపోతే ఆ సైనికుణ్ణి ఎలా ప్రేమించమంటారు మాస్టారూ?” అంటాడు విద్యార్థి. ప్రేమించకుండానే అర్థం చేసుకోవచ్చు అంటాను నేను. అక్కడే ఆగింది.

మళ్ళీ జెనివీవ్ ఓరైలీ దగ్గరకు వస్తాను. 2005లో కోతకు పోయిన ఆమెను ‘రోగ్ వన్’లో అదే పాత్రకు పిలిచారు, ‘ఆండోర్’లోనూ పిలిచారు. 2025 సంపుటంలో ఘోర్మన్ అనే గ్రహం ఉంది. పట్టు నేతగాళ్ళ నేల. దాని అడుగున ఉన్న ఖనిజం మహాయుధానికి కావాలి. అందుకోసం నేతగాళ్ళను ముందు పత్రికల్లో దుష్టులుగా చిత్రిస్తారు, వాళ్ళ ప్రతిఘటనను లోపలి నుంచి ఎగదోస్తారు, సాకు దొరికాక నడివీధిలో కాల్చేస్తారు. 2005లో లూకాస్ చప్పట్లు కొట్టించిన అదే సెనేట్లో మాన్ మాత్మా లేచి, జరిగింది జాతిహత్య అని దాని పేరు పెట్టి చెబుతుంది. చప్పట్లు లేవు. ఆమె ప్రసారం ఆపటానికి సాంకేతికుల గదిలో పరుగులు పెడతారు. ఆమె ప్రాణం దక్కించుకుని భవనంలోంచి బయటపడటానికి కాసియన్ కావలసివస్తాడు.

ఆ భాగం చూసిన వారంలోనే 1977 చిత్రాన్ని మళ్ళీ చూశాను. చివర పతకాల సభ ఉంది. లూక్‌కు, హాన్‌కు పతకాలు. వెంట్రుకల మిత్రుడు చ్యూబాకాకు లేదు. దీని మీద కూడా అభిమానులు ఏళ్ళ తరబడి కొట్లాడుకుంటే, 2019 చిత్రంలో అతనికి ఒక పతకం చేతిలో పెట్టించి తగవు తీర్చారు. నమూనాలు తెచ్చి చచ్చిపోయినవాళ్ళ ఊసు మాత్రం ఆ సభలో రాదు. 1977కి వాళ్ళకింకా పేర్లు లేవు. పాత చిత్రంలో లేనిదాన్ని కొత్త చిత్రం చూసివచ్చి అందులో చదువుకోవటం న్యాయం కాదని, అది విమర్శ కాదు అభిమానమేనని బి.ఎస్సి. విద్యార్థి అంటున్నాడు. వచ్చే శిబిరంలో ఉపన్యాసం అతనిది.